తీర్పరి లేని ఆట

ఆటలన్నిటిలోకీ దేనిలో మనిషి గుణం ఎక్కువగా బయటపడుతుంది అని అడిగితే మనలో చాలామంది క్రికెట్టు పేరు చెబుతారు. కొందరు చెడుగుడు అంటారు. క్రోకే అనే ఆట పేరు చెప్పేవారు బహుశా ఉండరు. ఆ పేరు మన పిల్లలు విన్నదల్లా ఇంగ్లీషు కథలలోనే. లూయీ కారొల్ 1865లో ప్రకటించిన ఆలిస్ కథలో రాణిగారు ఆడించే ఆట అదే. అక్కడ కొయ్యసుత్తికి బదులు ఫ్లెమింగో పక్షి, బంతికి బదులు ముడుచుకొన్న హెడ్జిహాగు జంతువు, కమానులకు బదులు నడుము వంచి నిలబడ్డ సిపాయిలు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు. అందరూ ఒక్కసారే కొడతారు, ఒక్కసారే జగడమాడుతారు. ఈ కారొల్ ఆక్స్‌ఫర్డులో గణితం చెప్పిన ఉపాధ్యాయుడు. వంతు, నియమం, ఒప్పుదల అనే మూడింటినీ తీసివేస్తే ఆట ఎంత వెర్రిగా మారుతుందో చూపడానికి ఆయన క్రోకేను ఎన్నుకోవడం నాకు బహు సముచితంగా తోస్తుంది. ఈ మూడింటిమీద అంతగా ఆధారపడిన ఆట అరుదు.

ఈ ఆటలో దేశాల జట్లు తలపడే పోటీలలో పెద్దది మాక్‌రాబర్ట్‌సన్ షీల్డు. 1925లో ఇంగ్లండులో అది మొదలయినది. అప్పుడు పచ్చికపై దిగినవి రెండే జట్లు: ఇంగ్లండు, ఆస్ట్రేలియా. మొదటిసారి ఇంగ్లండు గెలిచినది. 1927-28లో ఆంగ్లేయులు ఓడ ఎక్కి, నెల దాటే ప్రయాణం చేసి ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడ ఓడి తిరిగివచ్చారు. 1930లో న్యూజీలండు, 1993లో అమెరికా వచ్చి చేరినవి. 1950-51లో న్యూజీలండుకు వెళ్ళిన ఇంగ్లండు జట్టులో పందొమ్మిదేండ్ల యువకుడొకడు ఉన్నాడు. పేరు జాన్ సాలమన్. ఆసారి షీల్డు న్యూజీలండుకే దక్కినది గాని, ఆ యువకుడు తరువాతి కాలంలో ఇంగ్లండు ఓపెన్ చాంపియన్‌షిప్పును పదిసార్లు గెలుచుకొన్నాడు. రెండు చేతుల కణుపులూ ముందువైపునకు ఉండేటట్లు సుత్తిని పట్టుకొనే పద్ధతికి నేటికీ ఆయన పేరే వాడుక. ఆడవారు, మగవారు ఒకే పచ్చికమీద సమానంగా పోటీపడడం కూడా ఈ ఆటలో చిరకాలపు ఆచారం. డొరొతీ స్టీల్ అనే ఆమె పురుషులతో కలిసి ఆడే ఆ ఓపెన్ చాంపియన్‌షిప్పునే 1925, 1933, 1935, 1936 సంవత్సరాలలో నాలుగుసార్లు గెలిచినది. వీరెవ్వరూ ఆటవల్ల పొట్టపోసుకొన్నవారు కారు. షీల్డు గెలిచిన జట్టుకు షీల్డే లాభం.

ఆట తెలియనివారికోసం రెండు మాటలు చెప్పవలె. పచ్చిక పొడవు 35 గజాలు, వెడల్పు 28 గజాలు. అందులో ఆరు ఇనుప కమానులు, నడుమ ఒక గుంజ. బంతులు నాలుగు: నీలం, నలుపు ఒక పక్షానివి; ఎరుపు, పసుపు రెండవ పక్షానివి. ఒక్కొక్క బంతి ఆ కమానులను నిర్ణీత క్రమంలో రెండేసి మార్లు దాటి, చివరకు గుంజను తాకవలె. బంతికి 13 చొప్పున రెండు బంతులకు 26 పాయింట్లు ముందుగా పూర్తిచేసిన పక్షానిది గెలుపు. ఇంతవరకు ఇది పసిపిల్లల వినోదం వలె కనబడుతుంది. అసలు కిటుకు ఇది: తన బంతి వేరొక బంతిని తాకితే, కొట్టేవానికి మరి రెండు దెబ్బలు లభిస్తాయి. మొదటి దెబ్బకు తన బంతిని తాకిన బంతి ప్రక్కన ఆనించి పెట్టి, రెండూ కదిలేటట్లు కొట్టవలె. రెండవ దెబ్బ తన ఇష్టం. కమాను దాటితే ఇంకొక దెబ్బ. గోళీలాడినవారికి ఈ సూత్రం కొత్తది కాదు; ఎదుటివాని గోళీని కొడితే మళ్ళీ వంతు మనదే గదా. కమాను దాటిన ప్రతిసారీ మిగిలిన మూడు బంతులనూ మళ్ళీ ఒక్కొక్కసారి వాడుకొనే హక్కు వస్తుంది. కనుక చేయి తిరిగినవాడు రాబోయే కమాను దగ్గర ఒక బంతిని, దాని తరువాతి కమాను దగ్గర మరొక బంతిని ముందుగానే నిలిపి ఉంచుకొని, ఒకే వంతులో తొమ్మిదో పదో కమానులు దాటుకొంటూ పోగలడు. చదరంగంలో వలె ముందుచూపు కావలె. బిలియర్డులో వలె కోణం తెలియవలె. పచ్చిక ఎక్కడ పల్లమో ఎక్కడ మెరకో పాదాలకు పట్టుబడవలె.

అంతసేపూ ఎదుటి ఆటగాడు ఏమి చేస్తాడు? కూర్చుంటాడు.

ఈ కూర్చోవడాన్ని గురించి కొంచెం ఆలోచించవలె. టెన్నిసులో ఎదుటివాడు ఎంతటి ఘనుడయినా, అతడు కొట్టిన బంతికోసం నేను పరుగెత్తనయినా పరుగెత్తవచ్చును. కుస్తీలో క్రింద పడినవాడికి కూడా పట్టు విడిపించుకొనే పెనుగులాట ఉన్నది. క్రోకేలో ఓడుతున్నవానికి పెనుగులాట అనేదే లేదు. పచ్చిక అంచున కుర్చీలో అర్ధగంటకు పైగా కూర్చుని, తన ఓటమి ఒక్కొక్క కమానే దాటుకొంటూ దగ్గరకు రావడం చూడవలె. కేక వేయరాదు, కొట్టేవాని చూపుకు అడ్డం రారాదు, విసుగు ముఖాన కనబడనీయడం కూడా మర్యాద కాదు. ఆ తరువాత, అవతలివాడు ఎక్కడో ఒక దెబ్బ తప్పితే, చల్లబడిన చేతులతో లేచి, ఇరవై గజాల దూరంలోని బంతిని ఒక్క దెబ్బతో కొట్టవలె. కొట్టలేకపోతే మళ్ళీ కుర్చీయే గతి. దేశం పక్షాన సముద్రాలు దాటివచ్చిన మనిషి, రోజులో సగభాగం అలా కూర్చుని గడపడం సామాన్యమయిన పరీక్ష కాదని నా అభిప్రాయం. పరీక్షల హాలులో తెలియని ప్రశ్నకు ఎదురుగా మూడుగంటలు కూర్చున్న విద్యార్థికి ఆ బాధ కొంత తెలుస్తుంది కాబోలు.

పెద్ద పోటీల నియమాలలో దీనికొక విరుగుడు కల్పించారు. ఒక వంతులో ఏ బంతి అయినా ఏడవ కమానునో పదవ కమానునో దాటినదంటే, ఎదుటివాడు తన వంతు రాగానే తన బంతిని ఉన్నచోటినుంచి ఎత్తి, పచ్చిక కొసన నిర్ణయించిన గీతమీద పెట్టి కొట్టవచ్చును. ఒకే వంతులో ఆ రెండింటినీ దాటితే, కొన్ని షరతులకు లోబడి, ఇంకా పెద్ద సాయం లభిస్తుంది: తన బంతిని వేరొక బంతికి ఆనించి పెట్టుకొని ఆట ఎత్తుకొనే హక్కు వస్తుంది. అందుచేతనే నిపుణులు తొమ్మిది కమానులు దాటి, పదవదాని ఎదుట తమంత తామే ఆగిపోతారు. గెలుస్తున్నవాడు మరీ ఎక్కువగా గెలిస్తే, ఎదుటివానికి ఏదో ఒకటి ఇవ్వవలసి వస్తుందన్నమాట. తరగతిలో మొదటి బల్లవాని చేయి ఒక్కటే పదేపదే లేస్తూ ఉంటే, మంచి ఉపాధ్యాయుడు వానిని కూర్చోబెట్టి వెనుక బల్లవానిని అడిగే పద్ధతి ఇందులో నాకు కనబడుతుంది.

వీటికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది వేరొకటి ఉన్నది. బంతి వ్యాసం 3 5/8 అంగుళాలు. కమాను రెండు కాళ్ళ నడుమ ఎడం అంతకంటె 1/16 అంగుళం మాత్రమే ఎక్కువ. పెద్ద పోటీలలో దానిని సగానికి కూడా బిగిస్తారు. బంతి కమానుకు మరీ దగ్గరగానో, కొంచెం వాలుగానో నిలిచినప్పుడు సుత్తి దానిని ఒకసారి తాకి విడువక రెండవసారి కూడా తాకవచ్చును. కమాను కాలికి ఆనియున్న బంతిని దానికేసి నొక్కవచ్చును. రెండూ తప్పులే. తప్పు జరిగితే వంతు పోతుంది. వంతుతో పాటు ఆటే పోవచ్చును. ఆ తప్పు జరిగినట్లు మొదట తెలిసేది కొట్టినవాని చేతికి. దూరాన కుర్చీలో ఉన్నవానికి కన్ను ఎంత వాడిగా ఉన్నా కనబడదు. రెఫరీలు లేకపోలేదు, అయితే సాధారణంగా వారు పిలిస్తే వస్తారు. పిలవవలసినవాడు ముఖ్యంగా కొట్టబోయేవాడే. ఈ దెబ్బలో సందేహానికి తావున్నదని తనకు తోచితే, కొట్టక మునుపే ఆగి, రెఫరీనో ఎదుటి ఆటగానినో పిలిచి దగ్గరగా నిలబడి చూడమనవలె. పిలవకుండా కొట్టినప్పుడు తప్పు జరిగినట్లు తెలిస్తే, అడగకుండానే ఆ మాట చెప్పి తప్పుకోవలె. ఇది నియమాలలో విధి. పెద్దమనిషి తనంతట పాటించే సౌజన్యం కాదు. తప్పు చేసినవాడే ఫిర్యాది, వాడే సాక్షి, వాడే న్యాయాధికారి.

మన పల్లెల ఆటలలోనూ తీర్పరులు లేరు. గోళీలకు, బిళ్ళంగోడుకు, సందులో ఆడే చెడుగుడుకు ఎవరు ఈల వేశారు? కాని మనవారు తీర్పరికి బదులు కంఠాన్ని నమ్ముకొన్నారు. ఎవడు పెద్దగా అరిస్తే వానిదే తీర్పు; కాదంటే ఒట్లు, ఒట్లు చాలకపోతే ఆట చెరపడం. ‘తొండి’ అన్న మాట తెలియని తెలుగు పిల్లవాడు లేడు. ఆ మాట వాడుకలో ఒక చమత్కారం ఉన్నది. ‘నీవు తొండి చేశావు’ అని విన్నాము, ‘వాడిది తొండి’ అని విన్నాము. ‘నాది తొండి’ అని ఏ వీధిలోనూ వినలేదు. క్రియాపదానికి ఉత్తమపురుష లేకుండా పోయిన సందర్భాలు వ్యాకరణంలో ఎన్ని ఉన్నవో గాని, ఆటలలో మాత్రం ఇది ఒకటి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దానిని తేలికగా తోసివేయలేము. ‘డబ్బు లేని ఆట గనుక వారికి నిజాయితీ చెల్లినది. కలిగినవారి తోటలలో పుట్టిన ఆట. పది రూపాయలు పందెం ఉంటే తెలిసేది’ అంటారు. ఈ ఆక్షేపణలో సగం సత్యం ఉన్నది. ఆ సగాన్నే ముందుగా ఒప్పుకొందాము.

అమెచ్యూరు అన్న మాట మనకు ఆటలకంటె నాటకాలవల్ల ఎక్కువగా పరిచయం. పగలు కోర్టులోనో బడిలోనో పనిచేసి, రాత్రి ముఖానికి రంగు పూసుకొన్నవారు మన నాటక సమాజాలను నిలబెట్టారు. బళ్ళారి రాఘవ న్యాయవాది గదా. ఆ మాటకు మూలార్థం ప్రేమించేవాడు అని. మనవారు దానిని ‘ఔత్సాహికుడు’ అన్నారు. ఉత్సాహం నిలిచినది గాని ప్రేమ జారిపోయినది. ఇంగ్లండులో ప్రేమే కాదు, అర్థమే మారిపోయినది. అక్కడ పందొమ్మిదవ శతాబ్దంలో అమెచ్యూరు అంటే కూలి తీసుకోనివాడు అని కాక, కూలి తీసుకోవలసిన అవసరం లేనివాడు అని అర్థం స్థిరపడినది. హెన్లీలో జరిగే పడవ పందాలకు 1879లో చేసిన నియమం ప్రకారం, జీతానికి చేతిపనిగాని కూలిపనిగాని ఎన్నడయినా చేసినవాడు అమెచ్యూరు కాడు. పడవ నడిపి సంపాదించినవాడు మాత్రమే కాదు సుమా. గోడ కట్టి సంపాదించినవాడు కూడా. 1920లో అమెరికానుంచి వచ్చిన జాన్ కెల్లీ అనే అతనికి అక్కడ ప్రవేశం లేదన్నారు. చూపిన కారణాలలో అతడు తాపీపని చేసినవాడు కావడం ఒకటి. అదే ఏడు ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సులో కెల్లీ రెండు స్వర్ణపతకాలు గెలిచాడు. హెన్లీవారు ఆ నియమాన్ని 1937లో ఎత్తివేశారు. 1947లో కెల్లీ కుమారుడు తండ్రికి తలుపు మూసిన ఆ పందెంలోనే గెలిచాడు. అమెరికా ఆదివాసి క్రీడాకారుడు జిమ్ థార్ప్ 1912లో గెలిచిన రెండు ఒలింపిక్ పతకాలను, ఎప్పుడో బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి సొమ్ము తీసుకొన్నాడని మరుసటి ఏడు లాగుకొన్నారు. 1983లో పతకాలు ఆయన కుటుంబానికి ఇచ్చారు గాని, ఆయనే ఏకైక విజేత అని ఒప్పుకొన్నది 2022లో. ఆయన 1953లోనే మరణించాడు.

క్రోకే ఈ దోషానికి దూరంగా ఉన్నదని నేను అనను. 1920ల నాడు ఓడమీద పోయి, నెలల తరబడి ఆడి, మళ్ళీ ఓడమీద రాగలిగినవాడు జీతగాడు కాలేడు. సెలవు ఎవరు ఇస్తారు? చక్కగా చదునుచేసిన పచ్చిక మాత్రం ఎవరి పెరటిలో ఉంటుంది? ఈనాడు టెన్నిసుకు కాశీక్షేత్రమయిన వింబుల్డన్ క్లబ్బు 1868లో క్రోకే కోసం పుట్టినది. తరువాత టెన్నిసు వచ్చి ఇల్లు ఆక్రమించినది. క్లబ్బు పేరులో మాత్రం క్రోకే ఈనాటికీ ఉన్నది. జనం టెన్నిసువైపు పరుగెత్తడం వింత కాదు. 1900లో పారిస్ ఒలింపిక్సులో క్రోకే పోటీకి టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడు ఒకే ఒక్కడని చెబుతారు.

అయితే ఆ షీల్డు ఎవరు ఇచ్చారో కూడా చూడవలె. మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ 1859లో ఆస్ట్రేలియాలోని బాలరాట్‌లో పుట్టాడు. తండ్రి దూరమయిన సంసారం, చదువు సాగలేదు, పసితనంలోనే రకరకాల పనులు చేశాడు, మిఠాయి కొట్టులో పని నేర్చుకొన్నాడు. 1880లో మెల్బోర్న్‌లో తమ ఇంటి స్నానాల గదిలో పంచదార పాకం కాచి, మిఠాయిలు పోసి, వీధులు తిరిగి అమ్మినవాడు. తరువాత పెద్ద కర్మాగారం పెట్టి కోటికి పడగెత్తాడు. దక్షిణ ధ్రువ యాత్రకు ద్రవ్యమిచ్చాడు. అక్కడొక భూభాగానికి ఆయన పేరు పెట్టారు. 1934లో లండన్‌నుంచి మెల్బోర్న్‌కు విమానాల పందెం నడిపించాడు. మెల్బోర్న్ నగర శతవార్షికోత్సవానికి ఆయన ఇచ్చిన దానంతో ఆడపిల్లల హైస్కూలు ఒకటి వెలసినది. ఆ బడి ఆయన పేరుతోనే ఉన్నది. హెన్లీ నియమపు అక్షరాన్ని పట్టుకొంటే, ఈ మిఠాయివానికి బహుశా పడవ ఎక్కే అర్హత లేదు. కలిగినవారి ఆటలో అత్యున్నతమయిన గౌరవానికి మాత్రం ఆయన పేరే పెట్టుకొన్నారు. అమెచ్యూరు అనే గోడలో తాము చూడని కంత అది.

ఇక ఆక్షేపణలో రెండవ సగం: డబ్బు వస్తే నిజాయితీ పోతుందని. ఇది నాకు సమ్మతం కాదు. షీల్డు పుట్టిన 1925వ సంవత్సరంలోనే అమెరికా ఓపెన్ గోల్ఫు పోటీలో బాబీ జోన్స్ అనే అమెచ్యూరు, తన బంతి కదిలినదని చెప్పి తనకు తానే ఒక దెబ్బ శిక్ష వేసుకొన్నాడు. చివరకు మొదటి స్థానానికి ఇద్దరు సమానంగా వచ్చారు. విడిగా ఆడిన ఆటలో జోన్స్ ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే బహుమతి ఆయనదే. సరే, అతడు డబ్బుకు ఆడలేదు గదా అనవచ్చును. 2010లో అమెరికాలోని హిల్టన్ హెడ్ దీవిలో జిమ్ ఫ్యూరిక్‌తో తుది పోరాటంలో ఉన్న బ్రయన్ డేవిస్ పూర్తిగా వృత్తి ఆటగాడు. కర్ర వెనక్కు ఎత్తేటప్పుడు ఒక ఎండుపుల్ల తగిలినదేమో చూడమని తానే అధికారిని పిలిచాడు. రెండు దెబ్బల శిక్ష పడినది. పోటీ పోయినది, దానితో లక్షల డాలర్లూ పోయినవి. 1980లో బొంబాయి టెస్టులో మన జట్టు నాయకుడు గుండప్ప విశ్వనాథ్, తీర్పరి ఔటన్న ఇంగ్లండు ఆటగాడు బాబ్ టేలర్‌ను తిరిగి పిలిపించాడు. టేలర్ నిలదొక్కుకొన్నాడు, మనం పది వికెట్ల తేడాతో ఓడాము. అప్పుడు విశ్వనాథ్‌ను తప్పుపట్టినవారూ ఉన్నారు. నేను వారితో ఏకీభవించను.

కనుక డబ్బుకూ ఈ గుణానికీ ముడి లేదు. మరి దేనితో ముడి? అలవాటుతో అని నా అభిప్రాయం. గోల్ఫులో, క్రోకేలో పిల్లవాడు మొదటిరోజునుంచే తన లెక్క తాను చెబుతాడు. మనం పిల్లవానికి మొదటిరోజునుంచే ఈల వినడం నేర్పుతాము. ఈల మ్రోగకపోతే తప్పు లేనట్లే. ఈ అలవాటు మైదానంతో ఆగదు. పరీక్షల హాలుదాకా వస్తుంది. చూచిరాతకు విరుగుడుగా మనం కాపలాదారులను పెంచుతూ వచ్చాము. ఒక్కొక్క గదికి ఒక్కరు చాలక తనిఖీ బృందాలు, అవి చాలక గోడకు కెమెరాలు. కాపలా అక్కరలేదని నేను అనడం లేదు. కాపలా లేని అరగంట ఎలా గడపవలెనో పిల్లవానికి ఎక్కడ నేర్పుతున్నాము అని అడుగుతున్నాను. పాఠశాలల పోటీలకు వయసు తగ్గించి వ్రాసి పిల్లలను పంపించే పెద్దలు ఉన్నంతకాలం ఈ ప్రశ్న పిల్లలను అడగడం కూడా కొంత సిగ్గే.

క్రోకే మన బడులకు తేవలెనని నా సూచన కాదు. అంత పచ్చికకు నీరు ఎక్కడిది? చెడుగుడు చాలు. కూతకు వచ్చినవాని వేలికొస తన మోచేతికి తగిలినదో లేదో తగిలినవానికి తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు. ఇదీ ఒంటికి మాత్రమే తెలిసే తప్పే. వారానికి ఒక ఆటల పీరియడులో డ్రిల్లు మాస్టారు ఈల జేబులో వేసుకొని, వేపచెట్టు క్రింద కుర్చీ వేసుకొని కూర్చోవలె. పిలిస్తేనే రావలె. తగిలినవాడు తానే చేయి ఎత్తి బయటికి పోవలె. మొదటి వారం గొడవ తప్పదు; మూడవ వారం కూడా తప్పకపోవచ్చును. ప్రక్క తరగతిలో పాఠం చెప్పేవారు కోప్పడవచ్చును. ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒక పిల్లవాడు, ఎవరూ చూడని స్పర్శకు చేయి ఎత్తుతాడు. అప్పుడు చప్పట్లు కొట్టించవద్దని మాత్రం ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. క్రోకే పచ్చికమీద తన తప్పు చెప్పుకొన్నవానిని ఎవరూ ప్రత్యేకంగా పొగడరు. అతడు వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. ఎదుటివాడు లేచి సుత్తి తీసుకొంటాడు.